అడిగే దిక్కు



మా అనాటమీ మాస్టారి ఎడమ మోచెయ్యి కొంచెం వంకరగా ఉండేది. అనాటమీ క్లాసులో మోచేతి కీలు పాఠం వచ్చిన రోజు ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ముందుకు చాచి నిలబడేవారు. కుడిచెయ్యి అందరికీ ఉన్నట్టే మోచేతి దగ్గర కాస్త బయటికి ఒరిగి ఉండేది. ఎడమది లోపలికి ఒరిగేది. ఎనిమిదో ఏట చింతచెట్టు మీంచి పడి దండచెయ్యి ఎముక కింది కొస విరగ్గొట్టుకున్నారట. వాళ్ల నాన్నగారు ఎడ్లబండి మీద స్టేషన్‌కీ, అక్కణ్ణుంచి కట్టు కట్టించడానికి రైల్లో పుత్తూరుకీ తీసుకెళ్లారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. కట్టు అయ్యాక ఆ కట్టుకట్టినాయన పిల్లవాడి గోరు నొక్కి వదిలి, మళ్లీ ఎర్రబడుతోందా లేదా అని అయిదు వేళ్లూ చూశాడట. సాయంత్రం మళ్లీ చూశాడు. మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూస్తే గానీ ఇంటికి పంపలేదు.

"ఎముక వంకరగా అతుక్కుంది, చెయ్యి మాత్రం దక్కింది" అని మాస్టారు గొప్పగా చెప్పుకునేవారు. వెంటనే సుద్దముక్క చేతిలోకి తీసుకుంటూ ఇంకో మాట అనేవారు. "ఈ చెయ్యి దక్కించినాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పోగొట్టి ఉన్నా ఉండేది కాదు."

ఆ రెండో మాట విలువ నాకు 1979లో తెలిసింది. హౌస్ సర్జన్‌గా ఉన్నాను. పదేళ్ల కుర్రవాడిని తండ్రి భుజాన వేసుకుని వచ్చాడు. ముంజేయి విరిగితే ఊళ్లో ఒకాయన కట్టు కట్టాడు. పిల్లవాడు రాత్రంతా ఏడిస్తే, నొప్పి రెండు రోజులు ఉంటుందిలే అన్నారు. మూడో రోజు ఏడుపు ఆగింది. తగ్గిందనుకున్నారు. నాలుగో రోజు కట్టు విప్పేసరికి వేళ్లు చల్లగా, నల్లగా, గుచ్చినా తెలియని స్థితిలో ఉన్నాయి. చెయ్యి తీసేయాల్సిన అవసరం రాలేదు గానీ, ముంజేతి కండలు రక్తం అందక చచ్చిపోయి, నెలలు గడిచేసరికి వేళ్లన్నీ గద్ద గోళ్లలా లోపలికి ముడుచుకుపోయాయి. డిశ్చార్జ్ రోజున ఆ తండ్రి నన్ను పక్కకు పిలిచి, "మేం ఎవరినడగాలి బాబూ?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కట్టు కట్టినాయన మంచివాడేనని కూడా అన్నాడు. ఎవరినడగాలో తెలుసుకోవాలని మాత్రమే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మీరు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఆ రోజుల్లోనే మా వార్డులో మేం వేసిన పిండికట్టు కూడా బిగుసుకుపోయిన సందర్భం ఉంది. నాటువైద్యుడి చేతిలోనే తప్పులు జరుగుతాయని నేను ఎన్నడూ అనుకోలేదు. తేడా ఒక్కటే. మా తప్పుకి కనీసం కాగితం మీదైనా ఒక మెడికల్ కౌన్సిల్ ఉంది, అందులో మా పేర్లున్నాయి. ఆ ఊరాయన పేరు ఎక్కడా లేదు. ఆ తండ్రి ప్రశ్న పట్టుకునే నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. కట్టు కట్టేవాళ్లకీ, కీళ్లు సరిచేసేవాళ్లకీ చట్టం దగ్గర ఒక లెక్క ఎలా ఏర్పడుతుంది? ఏర్పడితే రోగికి ఏం ఒరుగుతుంది? ఈ ప్రశ్నకి ఒక దేశం దాదాపు 60 ఏళ్లు కుస్తీ పట్టి జవాబు వెతుక్కుంది. ఆ దేశం బ్రిటన్, ఆ వృత్తి ఆస్టియోపతి. ఆ కుస్తీ ఆఖరి అంకం నేను కళ్లారా చూశాను. 1986 నుంచి 1995 దాకా అక్కడి ఎముకల వార్డుల్లో పనిచేశాను.

మనకి పుత్తూరు ఎలాగో బ్రిటన్‌లోనూ ఊరూరా కట్టుకట్టేవాళ్లు ఉండేవారు. 1730ల్లో ఎప్సమ్ అనే ఊళ్లో సారా మ్యాప్ అనే ఆవిడ కీళ్లు సరిచేయడంలో ఎంత పేరు తెచ్చుకుందంటే, లండన్‌లో ఒక కాఫీ హౌస్‌కి వచ్చి కూర్చుంటే అక్కడికే జనం బారులు తీరేవారు. 1867లో సర్ జేమ్స్ పేజెట్ అంతటి సర్జన్ ఈ కట్టుకట్టేవాళ్లు నయం చేసే కేసుల మీదే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్లని తిట్టడం తేలికే, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది కూడా ఉంది అన్నది దాని సారాంశం. ఆ ఉపన్యాసం మాస్టారే నాకు చదవమని ఇచ్చారు.

ఆస్టియోపతి పుట్టింది మాత్రం అమెరికాలో. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1864లో మెదడుపొర వాపు జబ్బుతో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. ఆ కాలం మందులంటే పాదరసం, నల్లమందు. తన పిల్లల్ని కాపాడలేని ఆ మందుల మీద ఆయనకి నమ్మకం చచ్చిపోయింది. శరీరం కట్టుబడిలోనే ఆరోగ్యం ఉందనీ, ఎముకలూ కీళ్లూ కండరాలూ సరిగ్గా ఉంటే రక్తం తన పని తాను చేసుకుంటుందనీ 1874లో ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో స్కూలు పెట్టాడు. ఆయన సిద్ధాంతంలో ఈనాడు నిలబడేది కొంత, నిలబడనిది చాలా ఉంది. ఆ చర్చలోకి ఇప్పుడు వెళ్లను. అమెరికాలో ఆ స్కూళ్ల వారసులు మెల్లగా మామూలు వైద్యవిద్యలోకి నడిచి వచ్చారు. ఇవాళ అక్కడ ఆస్టియోపతి పట్టా (డీఓ) ఉన్నవాడంటే ఎండీతో సమానంగా మందు రాసే, ఆపరేషన్ చేసే డాక్టరు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ డాక్టరు కాడు. చేతులతో కీళ్లకీ కండరాలకీ చికిత్స చేసే నిపుణుడు మాత్రమే. ఒకే పేరు, రెండు వృత్తులు. మన పిల్లలు అమెరికాలో ఒకలా, ఇంగ్లండ్‌లో ఇంకోలా విని తికమకపడుతుంటారు కాబట్టి ఇది చెప్పాను.

బ్రిటన్‌కి ఈ విద్యని బలంగా తెచ్చిన మనిషి జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ అనే స్కాట్లండ్ దేశస్థుడు. 1917లో లండన్‌లో బ్రిటిష్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతి ఆయన ఆధ్వర్యంలోనే మొదలైంది. అప్పటికి వైద్యుల సంఘాలకీ ఈ చేతివైద్యులకీ మధ్య ఎలాంటి వాతావరణం ఉండేదో ఒక్క సంగతితో చెబుతాను. హెర్బర్ట్ బార్కర్ అని లండన్‌లో పేరుమోసిన కట్టుకట్టేవాడు ఉండేవాడు. డిగ్రీ లేదు. ఆయన కీళ్లు తిప్పేటప్పుడు రోగులకి మత్తు ఇచ్చే సాయం డాక్టర్ ఆక్సమ్ చేసేవాడు. రిజిస్టర్‌లో లేనివాడికి సాయం చేశాడన్న నేరానికి 1911లో జనరల్ మెడికల్ కౌన్సిల్ ఆక్సమ్ పేరు కొట్టేసింది. 1922లో రాజుగారు బార్కర్‌కి సర్ బిరుదు ఇచ్చారు. ఆక్సమ్ పేరు మాత్రం రిజిస్టర్‌లోకి తిరిగి రాలేదు. 1926లో అలాగే చనిపోయాడు.

ఈ కథ నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రోగి నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చినవాడు దోషి అయ్యాడు. రిజిస్టర్ అనేది రోగి కోసమా, లోపల ఉన్నవాళ్ల గోడ కోసమా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఏ దేశంలో ఏ కౌన్సిల్ పెట్టినా ముందుగా ఆ ప్రశ్నే అడగాలి.

ఆస్టియోపాత్‌లు 1930ల్లో పార్లమెంటు గుమ్మం ఎక్కారు. మాకూ రిజిస్టర్ కావాలన్నారు. రెండు మూడు బిల్లులు వచ్చి పోయాక, 1935లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక సెలెక్ట్ కమిటీని వేసి సాక్ష్యాలు వింది. వైద్యుల తరఫు న్యాయవాదులు గట్టివాళ్లు. మీ వైద్యం ఏ జబ్బులకి పనిచేస్తుంది, ఏ జబ్బులకి పనిచేయదు, ఎక్కడ ఆగుతారు అని అడిగారు. ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ పొంతన కుదరలేదు. లిటిల్‌జాన్‌ని బోనెక్కించి, స్కూలు నడక గురించీ, ఆయన డిగ్రీల గురించీ గుచ్చి గుచ్చి అడిగారు. కమిటీ నివేదిక ఆ స్కూలుని చాలా కఠినంగా దులిపేసింది. అది నడిపే చేతులు నిజాయితీగా లేవనేదాకా వెళ్లింది. బిల్లు పెట్టినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

నేను ఈ విచారణని వైద్యుల గెలుపుగా చూడను. అవమానం పొందిన వృత్తి ఆ తర్వాత ఏం చేసిందన్నది చూస్తాను. మరుసటి ఏడు, 1936లో, వాళ్లంతట వాళ్లే ఒక రిజిస్టర్ తెరిచారు. చట్టం అండ లేదు. ఇష్టమున్నవాడు చేరొచ్చు, లేనివాడు బోర్డు పెట్టుకుని బయటే ఉండొచ్చు. ఉన్నంతలో చదువుకి కొలత పెట్టారు, పరీక్షలు పెట్టారు. యాభై ఏళ్లకి పైగా ఆ స్వచ్ఛంద రిజిస్టర్‌తోనే నెట్టుకొచ్చారు. దాని బలహీనత నేను 1988లో చూశాను. తుంటి నొప్పితో వచ్చిన ఒక ముసలావిడ, తన కాలు ఆరు నెలల పాటు సాగదీసిన మనిషి ఆస్టియోపాత్ అంది. ఆవిడకి ఉన్నది తుంటి ఎముకలో కాన్సర్. ఆయన ఏ రిజిస్టర్‌లోనూ లేడు. బోర్డు ఉంది, ఇత్తడి పలక ఉంది, ఫీజు రసీదు ఉంది. అంతకుమించి ఏమీ లేదు. రసీదు పట్టుకుని నిలబడ్డ ఆవిడ కూతుర్ని చూసినప్పుడు నాకు 1979 గుర్తొచ్చింది.

పార్లమెంటు దారి మళ్లీ తెరుచుకోవడానికి ఒక న్యాయమూర్తి కారణం. కింగ్స్ ఫండ్ అనే ధర్మసంస్థ ఒక కార్యబృందాన్ని వేసి, సర్ థామస్ బింగమ్‌ని అధ్యక్షుడిగా పెట్టింది. తర్వాత్తర్వాత ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి అయిన బింగమే. 1991లో వాళ్లు నివేదికతో పాటు బిల్లు ముసాయిదా కూడా రాసి ఇచ్చారు. దాన్ని మాల్కమ్ మాస్ అనే ఎంపీ ప్రైవేటు సభ్యుడి బిల్లుగా కామన్స్‌లో పెట్టాడు. లార్డ్స్‌లో దాన్ని నడిపించిన పెద్దమనిషి లార్డ్ వాల్టన్. నరాల వైద్యుడు, అంతకు ముందు బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్‌కీ, జనరల్ మెడికల్ కౌన్సిల్‌కీ అధ్యక్షుడిగా చేసినవాడు. ఆక్సమ్ పేరు కొట్టేసిన కౌన్సిల్‌కి ఒకనాటి అధ్యక్షుడే ఆస్టియోపాత్‌ల చట్టాన్ని చేయి పట్టుకుని నడిపించాడు. 1993 జూలై 1న అది చట్టమైంది.

ఆ వారం మా హాస్పిటల్ క్యాంటీన్‌లో జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. సీనియర్లు కొందరు గవర్నమెంటు నాటువైద్యానికి ముద్ర వేసిందని మండిపడ్డారు. నేనూ ఆ మాటే అన్నాను. చట్టం తెప్పించుకుని చదివాక నా అభిప్రాయం మారింది.

1935లో బిల్లు కూలిపోయింది ఎందుకు? ఆస్టియోపతి అంటే ఏమిటో చెప్పమంటే చెప్పలేక. 1993 చట్టం అసలు ఆ నిర్వచనం జోలికే వెళ్లలేదు. ఈ వైద్యం నిజమా అబద్ధమా అన్నది పార్లమెంటు తేల్చలేదు. తేల్చింది వేరే. ఈ పేరు పెట్టుకున్నవాడు ఏం చదివి ఉండాలి, ఎలా ప్రవర్తించాలి, తప్పు చేస్తే ఎవరి ముందు నిలబడాలి అన్నది. నాటి కుస్తీ అంతా విద్య గురించి. చట్టం మనిషిని పట్టుకుంది.

దాని నడక ఇది. లండన్‌లో జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ ఉంటుంది. ఇప్పుడు అందులో సగం మంది ఆస్టియోపాత్‌లు, సగం మంది ఆ వృత్తికి సంబంధం లేని మామూలు పౌరులు. 1998 మే 9న రిజిస్టర్ తెరిచారు. పాతవాళ్లకి రెండేళ్లు గడువిచ్చి, మీ చదువూ అనుభవమూ కాగితాలతో రుజువు చేసుకోండి అన్నారు. 2000 మే 9 నుంచి, రిజిస్టర్‌లో లేనివాడు ఆస్టియోపాత్ అని గానీ, ఆ అర్థం స్ఫురించే మరే పేరుతో గానీ చెప్పుకుంటే నేరం. ఇవాళ రిజిస్టర్‌లో 5,000 మందికి పైగా ఉన్నారు. ప్రతి ఒక్కరికీ నష్టపరిహార బీమా ఉండి తీరాలి. మూడేళ్లకి 90 గంటలు కొత్త చదువు చదవాలి. అందులో సగం, అంటే 45 గంటలు, తోటివాళ్లతో కలిసి కూర్చుని నేర్చుకోవాలి. ఒంటరిగా ఒక గదిలో ప్రాక్టీసు పెట్టుకున్నవాడు తన తప్పులు తనకే కనపడని స్థితికి చేరతాడని తెలిసినవాళ్లెవరో ఈ నిబంధన రాసి ఉంటారు. నాకు చాలా నచ్చిన నిబంధన ఇది.

ఫిర్యాదు వస్తే ముందు విచారణ కమిటీ చూస్తుంది. నిలబడే కేసు అనుకుంటే వృత్తి ప్రవర్తన కమిటీకి పంపుతుంది. అక్కడ విచారణ మామూలుగా బహిరంగం. శిక్షలు నాలుగు మెట్లు: మందలింపు, షరతులు, కొంతకాలం సస్పెన్షన్, పేరు కొట్టివేత. నిర్ణయం నలుగురూ చదివేలా ప్రకటిస్తారు. నచ్చకపోతే ఆస్టియోపాత్ హైకోర్టుకి వెళ్లొచ్చు. 2012లో అలా వెళ్లిన ఒక కేసులో కోర్టు గట్టి మాట చెప్పింది. ప్రతి చిన్న లోపాన్నీ దుష్ప్రవర్తన అనకూడదు, ఆ మాట వాడాలంటే నలుగురూ తప్పుపట్టేంత నింద అందులో ఉండాలి అంది. రోగికి అడిగే దిక్కు కల్పించాలంటే వైద్యుడికీ న్యాయం దొరకాలి. రెంటిలో ఏది లేకపోయినా ఆ కౌన్సిల్ ముందు ఎవరూ నిజం చెప్పరు.

ఇదంతా కాగితం మీద సంగతి. గదిలో ఎలా ఉంటుందో చెబుతాను. 2016 చలికాలం బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. విమానంలో వంకరగా నిద్రపోయి మెడ పట్టేసింది. కుడివైపు తల తిప్పలేను. అమ్మాయి ఫోన్‌లో రిజిస్టర్ తెరిచి, దగ్గర్లోని ఒక ఆస్టియోపాత్ పేరు అందులో ఉందో లేదో చూసి మరీ తీసుకెళ్లింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో ఆవిడకి. చేయి వేయకముందు ఇరవై నిమిషాలు ప్రశ్నలే. కళ్లు తిరుగుతున్నాయా, చూపు రెండుగా కనపడుతోందా, మింగడం కష్టంగా ఉందా, మాట తడబడుతోందా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా. బీపీ చూసింది. నేను ఎముకల డాక్టర్నని చెప్పినా ఒక్క ప్రశ్న కూడా తగ్గించలేదు.

తర్వాత పడుకోబెట్టి, నా తల రెండు అరచేతుల్లోకి తీసుకుని, కండరాలు వదులు చేసింది. అప్పుడు ఆగి చెప్పింది. ఈ కీలు మీద చిన్న దూరం, పెద్ద వేగంతో ఒక్క విదిలింపు ఇవ్వొచ్చు, టక్కుమని శబ్దం వస్తుంది, కొందరికి వెంటనే వదులవుతుంది. మెడ పక్కనుంచి మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది, చాలా అరుదు, కానీ ఉంది. అది చేయకుండా నెమ్మదిగా కదిలించే పద్ధతి కూడా ఉంది, రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. మీకు ఏది కావాలి? రెండు చేతులూ నా తల కింద అలాగే ఉన్నాయి. ఆ చేతులు ఒక్క క్షణంలో ఆ పని చేసేయగలవు. చేయకుండా నా జవాబు కోసం ఆగాయి. నేను వద్దన్నాను. సరే అని, నెమ్మదిగా కదిలించే పద్ధతిలోనే చేసి, రోగి వద్దన్నాడని కాగితంలో రాసుకుంది. నలభై ఏళ్ల ప్రాక్టీసులో నేను నా రోగుల్ని ఎన్నిసార్లు ఇలా అడిగానని ఆ మంచం మీద పడుకుని లెక్కపెట్టుకున్నాను. సిగ్గుపడ్డాను.

ఆవిడ స్వభావం మంచిదే అయి ఉంటుంది. కానీ ఆ ఆగడం వెనక చట్టం కూడా ఉంది. అడగకుండా చేసి ఉంటే, నేను ఒక ఉత్తరం రాస్తే చాలు, ఆవిడ కొందరు అపరిచితుల ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు.

ఇప్పుడు ఆ చట్టానికి ఉన్న పెద్ద కన్నం గురించి చెప్పాలి. అది కాపాడేది పేరుని. పనిని కాదు. రిజిస్టర్ నుంచి కొట్టేసిన మనిషి మర్నాడు ఆస్టియోపాత్ అన్న మాట బోర్డు మీంచి చెరిపేసి, ఇంకేదో థెరపిస్ట్ అని రాసుకుని, అదే గదిలో, అదే బల్ల మీద, అదే మెడ విదిలింపు చేసుకోవచ్చు. ఆస్టియోపాత్‌ల చట్టం అతన్ని ఏమీ అనలేదు. న్యూజీలాండ్ ఈ కన్నం పూడ్చింది. అక్కడ 2003 చట్టం కింద మెడ కీళ్ల మీద ఆ వేగం విదిలింపునే పరిమిత క్రియల్లో చేర్చారు. బోర్డు మీద ఏం రాసుకున్నా సరే, అనుమతి ఉన్న వృత్తివాడు తప్ప ఇంకెవరూ ఆ పని చేయకూడదు. ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 2002లో పేరుని గుర్తించి, 2007 ఉత్తర్వులో మెడ మీద, ఆరు నెలల లోపు పసిపిల్లల తల, ముఖం, వెన్నెముక మీద చేయి వేయాలంటే ప్రమాదం లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం ఉండాలంది.

నా తీర్పు అడిగితే, మన దేశానికి న్యూజీలాండ్ దారే పనికొస్తుంది. మన దగ్గర పేర్లకి కరువా? ఒక పేరుని కట్టడి చేస్తే తెల్లారేసరికి పది కొత్త పేర్లు పుడతాయి. పైగా మన మెడలు ఎక్కువగా విరిచేది ఆస్టియోపాత్‌లు కారు. క్షవరం అయ్యాక గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి అటొకసారి ఇటొకసారి విరిచే అలవాటు మన సెలూన్లలో ఉంది. కూర్చున్నవాడు హాయిగా ఉందనుకుంటాడు. అది సెలూన్ పనివాళ్ల తప్పని నేను అనను. ఆ మెడలో ఏ రక్తనాళం ఎక్కడుందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పనినే పేరుపెట్టి చట్టంలో రాస్తే సెలూన్‌కీ, క్లినిక్‌కీ ఒకే మాట వర్తిస్తుంది.

క్యాంటీన్‌లో మా సీనియర్లు చెప్పిన అభ్యంతరాన్ని కూడా నేను తేలిగ్గా తీసుకోను. రిజిస్టర్ ఉందంటే వైద్యం రుజువైందని జనం అనుకుంటారు. నిజమే, అనుకుంటారు. నడుము నొప్పికి చేతివైద్యం పనికొస్తే రావొచ్చు, అదీ వ్యాయామంతో కలిపి ఇస్తేనే అని బ్రిటన్ నైస్ సంస్థ 2016 మార్గదర్శకంలో రాసింది. అంతకుమించి, పసిపిల్లల కడుపునొప్పికీ ఏడుపుకీ పనిచేస్తుందని చెప్పుకోవడానికి గట్టి ఆధారాల్లేవు. ఆస్టియోపతికి పక్కింటి వృత్తి కైరోప్రాక్టిక్‌కి కూడా 1994లో చట్టం వచ్చింది. ఆ చట్టం ఉన్నా ఇలాంటి ప్రకటనలు ఆగలేదు. 2008లో సైమన్ సింగ్ అనే రచయిత వాటిని పత్రికలో విమర్శిస్తే, ఆ వృత్తి సంఘం ఆయన మీద పరువునష్టం దావా వేసింది. 2010లో అప్పీలు కోర్టు సింగ్ పక్షాన నిలిచాక సంఘం దావా వదులుకుంది. కౌన్సిల్‌తో పాటు ప్రకటనల మీద కాపలా, విమర్శించేవాడికి రక్షణ కూడా కావాలని ఆ గొడవ నుంచి నేను నేర్చుకున్నాను. ఆ రెండూ లేకుండా రిజిస్టర్ ఒక్కటే ఇస్తే మా సీనియర్లు చెప్పిందే జరుగుతుంది.

ఇక మన సంగతి. హోమియో చదివిన ఒకాయన టైఫాయిడ్ అనుకుని ఇంగ్లీషు మందులిస్తే రోగి చనిపోయిన కేసులో, తనకి రాని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో మన సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పే. కానీ ఆ మాట చెప్పించుకోవడానికి చనిపోయినాయన భార్య సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది. నన్నడిగిన ఆ తండ్రి జిల్లా కోర్టు మెట్లు కూడా ఎక్కలేడు. 2021లో పార్లమెంటు ఫిజియోథెరపిస్టులతో సహా పది రకాల ఆరోగ్యవృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. ప్రతి రాష్ట్రంలో కౌన్సిల్, రిజిస్టర్, ఫిర్యాదుకి ఒక గుమ్మం ఉండాలని అందులో ఉంది. ఆ కౌన్సిళ్లు ఏర్పాటు చేయమని 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టి చెప్పాల్సి వచ్చిందంటే మన తొందర ఎంతో తెలుస్తుంది. ఆస్టియోపాత్ అని రాసుకున్నవాడికి ఇక్కడ విడిగా ఏ కౌన్సిలూ లేదు. ఫోన్ తెరిస్తే మాత్రం మెడలు టక్కుమనిపించే వీడియోలు వరసకట్టి వస్తాయి. వాటిలో కిర్రుమన్న శబ్దం దగ్గరికి మైకు పెడతారు. రోగిని ఏమడిగారో ఒక్కదానిలోనూ వినపడదు.

పుత్తూరు కట్టుని మూసేయాలని నేను కోరను. మాస్టారి చెయ్యి నాకు సాక్ష్యం. గోరు నొక్కి చూసిన ఆ పెద్దాయనకీ, నాలుగు రోజులు కట్టు విప్పని ఆ ఊరాయనకీ మధ్య ఉన్న తేడాని కనిపెట్టి, మొదటివాడి పద్ధతిని రెండోవాడికి నేర్పే ఏర్పాటు మనం ఇంతవరకూ చేయలేదు. తరతరాలుగా కట్టు కట్టే కుటుంబాలని పిలిచి కూర్చోబెట్టి, మీరు ఎక్కడ ఆగుతారు, ఏ చేతిని ఆస్పత్రికి పంపుతారు అని గౌరవంగా అడిగితే వాళ్లు చెబుతారు. 1935లో లండన్‌లో అడిగినట్టు బోనెక్కించి అడిగితే చెప్పరు. ఆ కుటుంబాల పేర్లు కూడా ఒక పుస్తకంలోకి ఎక్కాలని నా కోరిక. దక్కించినప్పుడు వాళ్ల పేరు ఉండాలి. పోగొట్టినప్పుడు కూడా ఉండాలి.

కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ ఫిజియోథెరపీ విద్యార్థులకి ఒక విన్నపం. రాష్ట్ర కౌన్సిల్ పూర్తిగా నిలదొక్కుకునే వరకూ మీరు ఆగనవసరం లేదు. మీలో చాలామంది రేపో మాపో క్లినిక్ తెరుస్తారు. మెడ మీద చేయి వేసేముందు అడగండి, రోగి వద్దంటే ఆ మాట రాసిపెట్టుకోండి. గోడ మీద మీ డిగ్రీ పక్కన, తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక కాగితం అంటించండి. నా పేరు ఇది, నేను చదివింది ఇది, నా వల్ల మీకు హాని జరిగితే అడగవలసిన చోటు ఇది అని చిరునామాతో సహా రాయండి. లోపలికొచ్చే ప్రతి మనిషికీ అది కనపడేలా ఉంచండి.